ఒక గంట - అయిదుగురు పనివారు

నియమిత వేళకు నియమిత కార్యము జరుగవలెనను సంగతి రేడియో గల గృహములవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వార్తలు వేళకు రావలెను; వచ్చిన వార్తలు ఒక్కసారియే చదువబడవలెను. అవే వార్తలు వెంటవెంట అయిదుమారులు వినబడినచో శ్రోతలు మొదట ఆశ్చర్యపడుదురు, పిమ్మట నవ్వుకొందురు. కాని ఒక శ్రమజీవి ఖాతానుండి ఒకనాటి కంతు అయిదుమారులు కోతపడినచో అందు నవ్వుటకేమియు ఉండదు. పని వేళ తప్పకుండ జరుగుట ఎంత ముఖ్యమో, ఒక్కసారియే జరుగుటయు అంత ముఖ్యము. కంప్యూటర్ల లోకమున ఈ రెండవ నియమము ఎట్లు తప్పునో, తప్పినప్పుడు కారణమును ఎట్లు కనుగొనవలెనో, మరల తప్పకుండ ఏమి చేయవలెనో వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

నిదురపోని కావలివాడు

మనము నిద్రించు వేళ మనకొరకు మేల్కొని పనిచేయు కంప్యూటర్లు నేడు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. శంషాబాదు ప్రాంతమునే చూడుడు. 2008 మార్చి 23వ తేదీన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇచ్చట రాకపోకలకు తెరువబడినది. ప్రయాణికుల విమానములు బేగంపేటను విడిచి ఇచ్చటికి వచ్చినవి. నాటినుండి ఈ ప్రాంతమునకు రాత్రియనునది లేకుండ పోయినది. తెల్లవారుజామున బయలుదేరు విమానముకొరకు ప్రయాణికులు అర్ధరాత్రియే ఇల్లు విడుతురు. వారిని చేర్చు కార్లు, వారు బసచేయు హోటళ్లు, వారి టిక్కెట్లు, సరకుల గిడ్డంగుల లెక్కలు - ఇవన్నియు కంప్యూటర్ల మీదనే నడచుచున్నవి. రేపటి ప్రయాణమును జ్ఞాపకము చేయు సందేశమును పంపుట, నాటి వసూళ్లు కూడుట, కంతులు మినహాయించుట, లెక్కలకు నకలు తీసి భద్రపరచుట - ఇట్టి పనులకొరకు ఎవరును అర్ధరాత్రి మేల్కొని కూర్చుండరు. ఫలాని వేళకు ఫలాని పని చేయుమని ముందుగా వ్రాసి పెట్టుదురు. వేళ కాగానే యంత్రము చేయును. వీనిని మనము కాలబద్ధ కార్యములని పిలుచుకొందము.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. యూనిక్స్ అను కంప్యూటరు వ్యవస్థయొక్క ఏడవ కూర్పు 1979లో వెలువడినది. అందు క్రాన్ అను చిన్న ప్రోగ్రాము ఉండెను. గ్రీకు భాషలో కాలమునకు క్రోనోస్ అని పేరు. ఈ క్రాన్ నిమిషమునకొకసారి మేల్కొని, తన పట్టిక చూచి, ఆ నిమిషమున చేయవలసిన పని యున్నచో చేయించి, మరల నిద్రించును. పట్టికలో ప్రతి పనికిని అయిదు అంకెలు: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. ఇంతకన్న సులభమైన ఏర్పాటు మరియొకటి యుండదు. నేటి కంప్యూటర్లలో కూడ దీని సంతతియే పనిచేయుచున్నది.

మరి ఇంత సులభమైన ఏర్పాటులో పని రెండుమారులు, అయిదుమారులు జరుగుట యెట్లు?

ఒక ఊహ, ఒక యథార్థము

విషయము తేటపడుటకు ఒక సంస్థను ఊహించుకొందము. శంషాబాదులో నలుబది కార్లతో విమానాశ్రయ ప్రయాణికులను చేర్చు చిన్న సంస్థ యొకటి కలదనుకొనుడు. కార్లు సంస్థవి, నడుపువారు దినమునకు 400 రూపాయల చొప్పున కంతు చెల్లించుచు కొంతకాలమునకు కారును తమది చేసికొందురు. రాత్రి 2 గంటలకు కంప్యూటరు ప్రతి డ్రైవరు ఖాతానుండి ఈ 400 రూపాయలను మినహాయించును. సంస్థ పని పెరిగినది. ప్రోగ్రామును ఒక క్రొత్త సర్వరుపైకి మార్చిరి. ఆ రాత్రి 2 గంటలకు ఒక్కొక్కరి ఖాతానుండి 400కు బదులు 2,000 రూపాయలు పోయినవి. తెల్లవారుజామున 3 గంటలకు విమానాశ్రయమునకు బేరము దొరికిన డ్రైవరు పెట్రోలు బంకు వద్ద చెల్లింపబోగా ఖాతాలో డబ్బు లేదు. ఎక్కవలసిన ప్రయాణికుడు ఇంటివాకిట నిలిచియుండెను. ఒక యంత్రము చేసిన పునరుక్తి వలన ఒకరికి ఆనాటి కూలి, మరియొకరికి ఆనాటి విమానము పోయినవి.

ఇది ఊహయే. కాని ఇట్టిది పెద్ద సంస్థలకును తప్పలేదు. 2021 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగనాడు, బ్రిటన్‌లోని సాంటాండర్ బ్యాంకులో దాదాపు 2,000 వ్యాపార ఖాతాల తరఫున చేయవలసిన చెల్లింపులు రెండవసారి కూడ జరిగినవి. మొత్తము చెల్లింపులు సుమారు 75,000. సొమ్ము 13 కోట్ల పౌండ్లు. జీతములు, సరకులు అందించినవారికి ఇయ్యవలసిన బాకీలు రెండేసిమారులు చేరినవి. రెండవ పర్యాయపు సొమ్ము బ్యాంకు స్వంత నిధినుండియే పోయినది. కాలనిర్ణయపు ఏర్పాటులో కలిగిన దోషమే దీనికి కారణమని ఆ బ్యాంకు ప్రకటించినది. పోయిన సొమ్మును ఇతర బ్యాంకులలోని వేలమంది ఖాతాలనుండి తిరిగి రాబట్టవలసి వచ్చినది. ఒక్క వ్రేటుకు జరిగిన దానిని సరిదిద్దుటకు ఎన్ని వ్రేట్లు పట్టునో ఊహింపవచ్చును.

దోషము గడియారముది కాదు

ఇట్టి సందర్భమున అందరి అనుమానమును మొదట గడియారము మీదికి పోవును. పట్టికలో వేళ తప్పుగా వ్రాసితిమేమో యని అయిదు అంకెలను మరల మరల చూతురు. అవి సరిగనే యుండును. ఏలయనగా గంట ఒక్కసారియే మ్రోగినది, విన్నవారు అయిదుగురు. ఇదియే ఈ వ్యాసమునకు ప్రాణమైన మాట. పని పలుమారులు జరిగినప్పుడు గంటను పరీక్షించుటకన్న ముందు విన్నవారిని లెక్కింపవలెను.

విన్నవారు అయిదుగురెట్లైరి? వెబ్ సర్వరు అనునది ఒక అంగడి వంటిది. వచ్చువారు పలువురు, గుమాస్తా ఒక్కడే యైనచో బారు పెరుగును. కావున సర్వరు ఒకే ప్రోగ్రాముయొక్క పలు ప్రతులను ఒకేసారి నడపును. వీనిని ప్రాసెసులందురు, మనము పనివారందము. గునికార్న్ అను ప్రసిద్ధ సర్వరు పత్రములలో దీనికొక లెక్క సూచింపబడినది: యంత్రమందలి కోర్ల సంఖ్యను రెట్టింపు చేసి ఒకటి కలుపవలెను. రెండు కోర్ల యంత్రమునకు అయిదుగురు పనివారు. ప్రతి పనివానికిని ప్రోగ్రాము సంపూర్ణ ప్రతి యొకటి యుండును. ప్రోగ్రాము వ్రాసినవారు 2 గంటలకు కంతు కోయుమను ఆజ్ఞను, దానికి కావలసిన గంటను ఆ ప్రోగ్రాములోనే అమర్చినచో, అయిదుగురి వద్దను అయిదు గంటలుండును. అయిదును ఒకే క్షణమున మ్రోగును. పనివారిలో ఎవరి తప్పును లేదు. ప్రతివాడును చెప్పినపనిని చెప్పిన వేళకు ఒక్కసారియే చేసినాడు.

వ్రాసినవారి బల్లమీద ఈ దోషము కనబడదు. అచ్చట పనివాడొక్కడే. అంగడి తెరచి, బేరము పెరిగి, పనివారిని పెంచిన పిమ్మటనే బయటపడును. అందుచేతనే ఇట్టి దోషములు చాలవరకు క్రొత్త సర్వరుకు మారిన రాత్రియో, యంత్రమును పెద్దది చేసిన రాత్రియో కనబడుచుండును. మన ప్రాంతమున దీనికి మరియొక విశేషము కలదు. అమెజాన్ వారి హైదరాబాదు క్లౌడు కేంద్రము 2022 నవంబరులో మూడు వేర్వేరు జోన్లతో ప్రారంభమైనది. షాబాదు మండలములోని చందనవెల్లి వంటి గ్రామములలో డేటాసెంటర్లు వెలసినవి. ఒక జోనులో విద్యుత్తు పోయినను తక్కినవి పనిచేయవలెనని సంస్థలు తమ ప్రోగ్రామును రెండు మూడు జోన్లలో ఉంచుకొందురు. ఇది వివేకమే. కాని ఒక్కొక్కచోట అయిదుగురు పనివారు, అట్టి చోట్లు మూడు అయినచో, గంట వినువారు పదునైదుగురు. భద్రతకొరకు చేసిన ఏర్పాటు ఒక్కసారి జరుగవలసిన దానిని పదునైదుమారులు చేయించును.

లక్షణమును బట్టి వ్యాధి

వైద్యుడు నాడి చూడక మందియ్యడు. ఇచ్చట నాడి యనగా లాగ్‌ఫైలు, అనగా యంత్రము వ్రాయు దినచిట్టా. కాని చాల ప్రోగ్రాములలో ఆ చిట్టాయందు "కంతు కోయబడినది" అని మాత్రమే యుండును. అది చాలదు. పని మొదలైనప్పుడును ముగిసినప్పుడును నాలుగు విషయములు వ్రాయించవలెను: సెకనుతో కూడ వేళ, యంత్రము పేరు, ప్రాసెసు సంఖ్య, ఆ ఆవృత్తికి ప్రత్యేకముగా పెట్టిన గుర్తు. ఈ నాలుగును వ్రాయబడినచో ఒక్క రాత్రిలో కారణము తెలియును. ఎట్లో చూతము.

అన్నియు ఒకే యంత్రము, ఒకే క్షణము, కాని ప్రాసెసు సంఖ్యలు వేరువేరు - ఇది పైన చెప్పిన పనివారి వ్యవహారము. ఎన్నిమారులు జరిగినదో అందరు పనివారుందురు. పంచపాండవులు మంచపుకోళ్ళవలె ముగ్గురని రెండు వ్రేళ్లు చూపినట్లు కాక, సరిగా లెక్కింపవలెను.

యంత్రముల పేర్లు వేరువేరు - ప్రోగ్రాము పలు సర్వర్లపై నడచుచున్నది. పాత సర్వరును మానిపితిమనుకొని మానిపింపకపోవుటయు ఇందులోనిదే. క్రొత్త యింటికి కాపురము మారినను పాత యింట గంట మ్రోగుచునే యుండును.

యంత్రమొకటే, ప్రాసెసు ఒకటే, అయినను రెండుమారులు - ఒకే పనివాని పట్టికలో ఒకే పని రెండుమారులు వ్రాయబడినది. స్ప్రింగ్ అను జావా చట్రములో ఒకే అమరిక ఫైలును ప్రధాన భాగమును, దానికి లోబడిన భాగమును రెండును చదివినచో ఇట్లగును. టామ్‌క్యాట్ సర్వరులో ఒకే ప్రోగ్రామును రెండు త్రోవలలో చూపినచో అది రెండుమారులు ఎక్కును. ఫ్లాస్క్ చట్రమును పరీక్షాదశలో నడపునప్పుడు మార్పులను కనిపెట్టియుండు ప్రాసెసు ఒకటి, పనిచేయు ప్రాసెసు ఒకటి నడచును. అచ్చటను రెండు గంటలుండవచ్చును, అయితే అప్పుడు ప్రాసెసు సంఖ్యలు భిన్నముగా నుండును.

రెండు ఆవృత్తుల నడుమ సరిగా అయిదున్నర గంటలు - ఇది మన దేశమునకు సహజమైన లక్షణము. ఒక యంత్రము భారత కాలమును, మరియొకటి ప్రపంచ ప్రమాణ కాలమును పాటించుచున్నవి. ప్రపంచ ప్రమాణ కాలమున 2 గంటలనగా మనకు ఉదయము 7 గంటల 30 నిమిషములు. రాత్రి 2 గంటలకొకమారు, ఉదయము ఏడున్నరకొకమారు కంతు కోతపడినచో గడియారములను పోల్చి చూడవలెను.

నడుమ సరిగా 60 సెకన్లు - ఇది తొందరపాటు మధ్యవర్తి పని. కొందరు పనిని వెబ్ చిరునామా ద్వారా పిలిపింతురు. సందర్శకులకును సర్వర్లకును నడుమ ఎన్జిన్‌ఎక్స్ వంటి మధ్యవర్తి యొకటి యుండును. జవాబు కొరకు అది సాధారణముగా 60 సెకన్లు వేచియుండును. అప్పటికిని జవాబు రానిచో, చదువుటకు మాత్రమే వచ్చిన మామూలు కోరికగా దానిని తలచి, అదే కోరికను ప్రక్క సర్వరుకు పంపును. మొదటి సర్వరు ఆలస్యముగానైనను పనిచేయుచునే యుండును. రెండవది మొదటినుండి మొదలుపెట్టును. జవాబు రాలేదనగా పని జరుగలేదని అర్థము కాదు. ఉత్తరమునకు ప్రత్యుత్తరము రానంతమాత్రమున ఉత్తరము చేరలేదనరాదు కదా.

మొదటిది ముగియకముందే రెండవది మొదలు - పది నిమిషములకొకమారు జరుగవలసిన పని పండ్రెండు నిమిషములు పట్టుచున్నది. కార్లు పదియున్నప్పుడు చాలిన వ్యవధి నలుబదియైనప్పుడు చాలదు.

ఇంకొక్క లక్షణము అమెరికాలోని మనవారికి సంబంధించినది. అచ్చట చాల రాష్ట్రములలో నవంబరు మొదటి ఆదివారమున తెల్లవారుజామున 2 గంటలకు గడియారమును 1 గంటకు వెనుకకు త్రిప్పుదురు. ఆనాడు ఒంటిగంట ముప్పది నిమిషములు రెండుమారులు వచ్చును. ఆ వేళకు పెట్టిన పనియు రెండుమారులు జరుగవచ్చును. కొన్ని ప్రోగ్రాములు దీనిని గుర్తించి జాగ్రత్తపడును, అన్నియు కాదు. మన దేశమున గడియారములు త్రిప్పు ఆచారము లేదు గనుక ఈ బాధ లేదు.

గంటను వెలుపల కట్టుట

కారణము తెలిసిన పిమ్మట మొదటి చికిత్స సులభమైనది. గంటను పనివారి చేతులలోనుండి తీసి వెలుపల ఒక్కచోట కట్టవలెను. వెబ్ కోరికలకు జవాబిచ్చు ప్రాసెసులు జవాబులే ఇయ్యవలెను. వేళలు చూచు పని వేరొక ప్రాసెసుకు, యంత్రముతో వచ్చిన క్రాన్ వంటిదానికి, అప్పగింపవలెను. అంగడిలో గుమాస్తాలెందరున్నను గంట కొట్టు కావలివాడొక్కడే యుండవలెను. పనివారిని అయిదుగురినుండి ఏబదిమందిని చేసినను అప్పుడు పని ఒక్కసారియే జరుగును.

అయితే కావలివాడొక్కడే యైనచో, వానికి జబ్బుచేసిన రాత్రి గంటయే మ్రోగదు. శంషాబాదు విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దానిప్రక్కన సమాంతరముగా మరియొకటి కలదు. ప్రధానమైనది మరమ్మతునందున్నప్పుడు విమానములు దానిని వాడుకొనును. అట్లే కావలివానికిని ప్రత్యామ్నాయము ఒకరుండవలెను. కాని ఇద్దరున్న క్షణముననే మరల మొదటి చిక్కు వచ్చును: ఈ రాత్రి గంట కొట్టవలసినవాడెవడు? దీనికి జవాబు మన రైల్వేవారు ఏనాడో చెప్పిరి.

టోకెను గోళము

శంషాబాదు చేరువ ఉందానగర్ స్టేషను మీదుగా సికింద్రాబాదునుండి మహబూబ్‌నగరమునకు పోవు రైలుమార్గము పూర్వము ఒంటిదారి. 85 కిలోమీటర్ల ఈ మార్గమునకు జంటదారి పూర్తియై 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైనది. ఒంటిదారులపై రెండు రైళ్లు ఎదురెదురుగా రాకుండ మన దేశమున చాలకాలము వాడిన సాధనములలో ఒకటి టోకెను గోళము. ప్రక్కప్రక్కనున్న రెండు స్టేషన్లలోను ఒక్కొక్క పెట్టె యుండును. రెండును విద్యుత్తీగెచే కలుపబడియుండును. రెంటిలోనుండి ఒకేకాలమున ఒక్క ఉక్కు గోళము మాత్రమే వెలుపలికి వచ్చును. అది చేతనున్న డ్రైవరే ఆ దారిన పోవలెను. అవతలి స్టేషనులో దానిని పెట్టెలో వేసిన పిమ్మటనే మరియొక గోళము వచ్చును. డ్రైవర్ల నిజాయితీమీదగాని, స్టేషను మాస్టర్ల జ్ఞాపకశక్తిమీదగాని ఆధారపడక, రెండవ గోళము రానేరదను పెట్టె నిర్మాణముపై ఆధారపడుటయే ఇందలి గొప్పతనము.

కంప్యూటర్లకు ఇట్టి పెట్టె డేటాబేసు. "ఈ తేదీ, ఈ పని, నేను చేయుచున్నాను" అని ఒక పంక్తి వ్రాయగలిగినవాడే పని చేయవలెను. అదే తేదీ, అదే పని గల రెండవ పంక్తిని డేటాబేసు అంగీకరింపకూడదను నియమమును ముందుగా పెట్టవలెను. అయిదుగురును వ్రాయబోదురు, ఒకనిది మాత్రమే నిలుచును, నలుగురు మరలిపోవుదురు. ఒకే యంత్రముపై నడచు పనులకు లైనక్స్ వ్యవస్థయందలి ఫైలు తాళమే చాలును. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులలో దీనికై ప్రత్యేకమైన తాళములు కూడ కలవు.

ఇచ్చట ఒక జాగ్రత్త. మొదట పంక్తి యున్నదేమో చూచి, లేనిచో వ్రాయుదమనుకొనరాదు. చూచుటకును వ్రాయుటకును నడుమ రెప్పపాటు చాలును. ఆ రెప్పపాటులో అయిదుగురును చూచి, అయిదుగురును లేదనుకొని, అయిదుగురును పనికి దిగుదురు. చూచుటయు వ్రాయుటయు విడదీయరాని ఒకే క్రియ కావలెను.

మరియొక జాగ్రత్త. గోళము చేతబట్టినవాడు దారిలో పడిపోయినచో? ప్రాసెసు నడుమలో చచ్చినచో తాళము వేసినట్లే యుండి మరునాటినుండి పనియే జరుగకపోవచ్చును. కావున తాళమునకు గడువు పెట్టుదురు. గడువు దాటినచో మరియొకరు తీసికొనవచ్చును. కాని మొదటివాడు చావలేదు, మందగించినాడంతే యనుకొనుడు. గడువు తీరి రెండవవాడు మొదలుపెట్టును. ఇంతలో మొదటివాడును ముందుకు సాగును. మరల ఇద్దరు. తాళము అవసరమే గాని తాళమొక్కటే చాలదని దీనివలన తేలుచున్నది. పలు యంత్రములపై పనులను నడపు కుబెర్నెటీస్ అను వ్యవస్థయొక్క పత్రములలోనే, కొన్ని సందర్భములలో ఒకే వేళకు రెండు పనులు పుట్టవచ్చునని, ఒక్కటియు పుట్టకపోవచ్చునని, కావున రెండుమారులు జరిగినను చెడని విధముగా పనిని వ్రాసికొనుడని స్పష్టముగా చెప్పబడినది.

రెండుమారులైనను ఒకటే ఫలము

ఇదియే మూడవ చికిత్స, మూటిలో ముఖ్యమైనది. మీ రేడియోను ఉదాహరణగా తీసికొనుడు. "ధ్వనిని ఒక మెట్టు పెంచుము" అని పిల్లవానికి చెప్పితిరి. ఆ మాట వానికి అయిదుమారులు వినబడినచో ఇల్లు మారుమ్రోగును. "ధ్వనిని అయిదవ మెట్టున ఉంచుము" అని చెప్పితిరి. నూరుమారులు వినబడినను ముల్లు అయిదవ మెట్టుననే యుండును. మొదటిది మార్పును చెప్పు మాట. రెండవది ఉండవలసిన స్థితిని చెప్పు మాట. కాలబద్ధ కార్యములను రెండవ విధముగా వ్రాయవలెను.

మన కార్ల సంస్థలో "400 తగ్గించుము" అనుటకు బదులు "ఈ కారునకు ఈ తేదీ కంతు ఒకటి చెల్లినట్లు ఉండవలెను" అని వ్రాయవలెను. కారు సంఖ్యయు తేదీయు కలిసిన గుర్తుతో ఖాతాలో ఒక్క పంక్తియే నిలుచునట్లు నియమము పెట్టవలెను. అయిదుగురు పనివారు అయిదుమారులు ప్రయత్నించినను, ఉదయము ఏడున్నరకు మరియొక యంత్రము ప్రయత్నించినను, ఆ పంక్తి ఒక్కటియే. డ్రైవరు ఖాతానుండి పోవునది 400 మాత్రమే.

విమానాశ్రయమున ఈ నియమము ప్రతి ద్వారమువద్దను కనబడును. బోర్డింగు పాసుపై విమాన సంఖ్య, తేదీ, సీటు, ప్రయాణికుని వరుస సంఖ్య యుండును. ఒకే పాసును ద్వారమువద్ద రెండవసారి చూపినచో రెండవ ప్రయాణికుడు ఎక్కినట్లు లెక్క పెరుగదు. ఎక్కినవారే యని యంత్రము చెప్పును. 2024 జూలై 19న ప్రపంచమంతటను అనేక కంప్యూటర్లు ఒక్కసారిగా స్తంభించినప్పుడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇయ్యబడినవి. యంత్రము పోయి కలము వచ్చినను విమానము పేరు, తేదీ, సీటు వ్రాయక తప్పలేదు. ఒక సీటున ఇద్దరిని కూర్చుండకుండ చేయునది యంత్రము కాదు, ఆ గుర్తు.

టోల్‌గేట్లవద్ద కార్ల అద్దములకు అంటించిన ఫాస్టాగుల విషయము కూడ ఇట్టిదే. ద్వారముపైనున్న పరికరము 865 నుండి 867 మెగాహెర్ట్జ్‌ల రేడియో తరంగములతో ఆ చీటీని పలుకరించును. కారు అచ్చట నిలిచియున్నంతసేపు ఆ చీటీ మరల మరల జవాబిచ్చుచునే యుండగలదు. ఆ కారు, ఆ ద్వారము, ఆ రాక - ఈ మూడును కలిసిన దానికి రుసుము ఒక్కటే యని వ్యవస్థ గ్రహింపవలెను. విన్న ప్రతి పలుకును రుసుముగా లెక్కించినచో కారు యజమాని బ్రదుకజాలడు.

కొన్ని పనులు మాత్రము ఈ నియమమునకు లొంగవు. పంపిన సందేశమును వెనుకకు పిలువజాలము. పంపిన పిమ్మట "పంపితిని" అని వ్రాసికొనినచో, నడుమ యంత్రము ఆగినప్పుడు సందేశము రెండుమారులు పోవచ్చును. ముందే వ్రాసికొనినచో అసలు పోకుండవచ్చును. ఈ రెంటిలో ఏది సహింపదగినదో పనిని బట్టి నిర్ణయింపవలెను. ప్రయాణమును జ్ఞాపకము చేయు సందేశము రెండుమారులు వచ్చినను కీడు లేదు. రాకున్నచో విమానము పోవును. డబ్బు సంగతి వేరు. అచ్చట చెల్లింపు జరుపు బ్యాంకుకు ప్రతి ప్రయత్నమునను అదే ఆధార సంఖ్యను పంపవలెను. అప్పుడు రెండవ ప్రయత్నము క్రొత్త చెల్లింపు కాదని బ్యాంకు గుర్తింపగలదు. ప్రయత్నమునకొక క్రొత్త సంఖ్య నిచ్చినచో బ్యాంకుకు అవి రెండు వేర్వేరు చెల్లింపులే.

జరిగిపోయిన పిమ్మట

ఇంత చేసినను ఒక రాత్రి పొరపాటు జరిగినదనుకొందము. మొదట చేయవలసినది పనిని మరల నడపుట కాదు, ఆపుట. పిమ్మట చిట్టాను భద్రపరచవలెను. యంత్రమును తిరిగి ప్రారంభించు తొందరలో ప్రాసెసు సంఖ్యలు పోయినచో ఆధారము పోయినట్లే. తరువాత ఎవరెవరికి ఎన్నిమారులు కోతపడినదో పట్టిక వ్రాసి, సొమ్ము తిరిగి యియ్యవలెను. ఈ తిరిగి యిచ్చు పనియు ఒక కార్యమే గనుక అదియు రెండుమారులు జరుగవచ్చునని మరువరాదు. దానికిని గుర్తు, దానికిని తాళము ఉండవలెను. డ్రైవర్లకు సంగతిని వారు అడుగకముందే చెప్పుట మర్యాద మాత్రమే కాదు. ఆనాటి పెట్రోలుకు వారు మార్గము చూచుకొనుటకు అది అవసరము.

ఇక గృహస్థుల మాట. ఒకే మొత్తము రెండుమారులు ఖాతానుండి పోయినట్లు కనబడినచో రెండు పంక్తుల ఆధార సంఖ్యలను పోల్చి చూడుడు. ఒకే సంఖ్యతో సందేశము రెండుమారులు వచ్చినచో చాలవరకు అది సందేశపు పునరుక్తియే. ఖాతాలోని నిలువను చూచి రూఢి చేసికొనవచ్చును. సంఖ్యలు వేరైనచో డబ్బే రెండుమారులు పోయినది. ఆ రెండు సంఖ్యలను, వేళలను వ్రాసి బ్యాంకునకు తెలుపవలెను. చెల్లించునప్పుడు తెరపై చక్రము తిరుగుచుండి జవాబు రానిచో వెంటనే మరల నొక్కకుడు. మొదటి కోరిక అవతల ఇంకను నడచుచుండవచ్చును. ఖాతా చూచికొని, పోలేదని నిశ్చయమైన పిమ్మటనే రెండవసారి నొక్కవలెను.

ప్రోగ్రాములు వ్రాయువారు ఒక కార్యమును యంత్రమునకు అప్పగించునప్పుడు ఏ వేళకు చేయవలెనని తప్పక వ్రాయుదురు. దానితోపాటు మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసిపెట్టినచో చాలును: ఈ గంటను ఎందరు విందురు? వారిలో చేయవలసినవాడెవడో ఎవరు నిర్ణయింతురు? ఇద్దరు చేసినచో ఏమగును? మూడవ ప్రశ్నకు "ఏమియు కాదు" అని జవాబు చెప్పగలిగిననాడు డ్రైవరు ఖాతాకును, యజమాని నిదురకును భయము లేదు.